వేసవికి ఒక్క చిన్న పుస్తకం: ఏది ఎవరికి నప్పుతుంది?

సెలవులు దగ్గరపడగానే "ఈసారైనా నాలుగు మంచి ఆధ్యాత్మిక పుస్తకాలు చదవాలి" అనుకునే విశ్వాసులు చాలామంది ఉంటారు. నేనూ ఏళ్ళ తరబడి అలాగే అనుకున్నాను. ఒక వేసవిలో ఐదు పుస్తకాలు తెచ్చి బల్ల మీద పేర్చాను. అన్నీ సన్నవే, ఒక్కోటి నూరు, నూటయాభై పేజీలు. రోజుకు ఇరవై పేజీల చొప్పున లెక్క వేసుకుంటే నెలా పది రోజులు తిరక్కుండానే అన్నీ అయిపోవాలి. సెలవులు ముగిసేనాటికి ఐదింటిలో ఒక్కటి కూడా మూడో అధ్యాయం దాటలేదు.

లెక్కలోనే పొరపాటు ఉంది. ఈ పుస్తకాలు సన్నగా ఉన్నా నెమ్మదిగా నడుస్తాయి. దేవుని ముందు నీ తగ్గింపు (వినయం) నిజమో కాదో మనుషులతో నువ్వు ఉండే తీరులో తేలుతుంది, అని ఆండ్రూ ముర్రే తన హ్యుమిలిటీ అనే పుస్తకంలో ఒకచోట అంటాడు. పొద్దున్నే ఇంట్లో ఎవరిమీదో గొంతు పెంచి వచ్చి కూర్చున్నవాళ్ళు ఆ మాట దగ్గర ఆగకుండా మిగతా పంతొమ్మిది పేజీలు ఎలా తిప్పుతారు? ఆ రోజుకి ఆ ఒక్క మాటే సరిపోతుంది.

అందుకే ఇప్పుడు ఎవరడిగినా ఒకటే చెబుతున్నాను: వేసవికి ఒక్క పుస్తకం పెట్టుకోండి, మహా అయితే రెండు. ఆ ఒక్కటి ఏదనేది మాత్రం జాగ్రత్తగా తేల్చుకోవాలి. మంచి పుస్తకమే అయినా మనం ఉన్న స్థితికి సరిపడనిదైతే సగంలో ఆగిపోతుంది. పైగా "నాకు ఆత్మీయమైన ఆకలే లేదేమో" అనే అపరాధభావం మిగిల్చి వెళ్తుంది.

## ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముఖ్యమైనది మీరు ఇప్పుడు ఉన్న స్థితి. అలసిపోయి ఉన్నారా, దుఃఖంలో ఉన్నారా, చల్లారిపోయారా, సేవలో తలమునకలుగా ఉన్నారా? చల్లారిపోయిన మనసును కదిలించే పుస్తకం దుఃఖంలో ఉన్న మనసును గాయపరచవచ్చు. "అందరూ తప్పక చదవాల్సిన పది పుస్తకాలు" లాంటి జాబితాలు చాలామందికి ఉపయోగపడనిది ఇందుకే.

రెండోది, ఆగే చోటు. సెలవుల్లో చదువు అంటే ప్రయాణాల మధ్య, చుట్టాల మధ్య, పిల్లల గొడవ మధ్య సాగేది. పది నిమిషాల్లో ఒక అధ్యాయమో, ఒక ఉత్తరమో పూర్తయ్యే పుస్తకం అలాంటి రోజుల్లో బతుకుతుంది. ముప్పై పేజీల అధ్యాయాలుంటే ప్రతిసారీ "ఎక్కడ ఆపాను?" అని వెతుక్కోవడంతోనే ఉన్న టైమ్ అయిపోతుంది.

మూడోది, ఒంటరిగా చదువుతారా, ఎవరితోనైనా కలిసి చదువుతారా అన్నది. కొన్ని పుస్తకాలు మాట్లాడుకుంటేనే తెరుచుకుంటాయి. కొన్నిటి గురించి వెంటనే మాట్లాడితే పలచబడిపోతాయి.

నాలుగోది సంప్రదాయం. ఇక్కడ చెప్పే రచయితల్లో కాథలిక్కులు ఉన్నారు, ప్రొటెస్టంట్లు ఉన్నారు. ఒక పుస్తకమైతే రష్యా ఆర్థడాక్స్ క్రైస్తవులది. అవతలి సంప్రదాయం పుస్తకం చదివితే విశ్వాసం చెదురుతుందని నేననుకోను. అయితే ఏ పుస్తకం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసి చదివితే, ఎక్కడ మనకు అలవాటు లేని మాట వస్తుందో ముందే సిద్ధంగా ఉండవచ్చు.

అనువాదం సంగతి చివర్లో చెబుతాను. అది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ పుస్తకం మధ్యలో ఆగిపోవడానికి చాలాసార్లు అదే కారణం.

## ఒక్క చూపులో

| పుస్తకం | ఎవరు, ఎప్పుడు | ఎలా ఉంటుంది | చదివే వేగం | ఎవరికి బాగా నప్పుతుంది |
|---|---|---|---|---|
| ద ప్రాక్టీస్ ఆఫ్ ద ప్రెజెన్స్ ఆఫ్ గాడ్ | బ్రదర్ లారెన్స్, 17వ శతాబ్దం | సంభాషణలు, ఉత్తరాలు | రోజుకు ఒకటి | పనుల్లో మునిగినవారికి, అనారోగ్యంలో ఉన్నవారికి |
| ద పర్స్యూట్ ఆఫ్ గాడ్ | ఎ. డబ్ల్యు. టోజర్, 1948 | 10 అధ్యాయాలు, ప్రతిదాని చివర ప్రార్థన | వారానికి రెండు | చల్లారిపోయినవారికి |
| ఎట్ ద మాస్టర్స్ ఫీట్ | సాధు సుందర్ సింగ్, ఇంగ్లీషులో 1922 | గురుశిష్యుల సంభాషణ, 6 భాగాలు | రోజుకు రెండు మూడు పేజీలు | ఉపమానాలు ఇష్టపడేవారికి, కొత్తవారికి |
| ద స్క్రూటేప్ లెటర్స్ | సి. ఎస్. లూయిస్, 1942 | 31 ఉత్తరాలు | రోజుకు ఒకటే | యువతకు, చర్చించుకునేవారికి |
| ఎ గ్రీఫ్ అబ్జర్వ్డ్ | సి. ఎస్. లూయిస్, 1961 | 4 భాగాలు | మనసు ఒప్పినంత | ఆత్మీయుల్ని పోగొట్టుకున్నవారికి, కొంతకాలం గడిచాక |
| లైఫ్ టుగెదర్ | డీట్రిచ్ బోన్‌హోఫర్, 1939 | 5 పెద్ద అధ్యాయాలు | వారానికి ఒకటి, కలిసి | సంఘ బృందాలకు, కుటుంబాలకు |
| ఇన్ ద నేమ్ ఆఫ్ జీసస్ | హెన్రీ నౌవెన్, 1989 | ఒక ప్రసంగం పెరిగి పుస్తకమైంది | ఒకటి రెండు కూర్చోవడాల్లో | కాపరులకు (పాస్టర్లకు), సేవకులకు |
| హ్యుమిలిటీ | ఆండ్రూ ముర్రే, 1895 | 12 అధ్యాయాలు | రెండు మూడు రోజులకు ఒకటి | తమను తాము పరీక్షించుకోవాలనుకునేవారికి |
| ది ఇమిటేషన్ ఆఫ్ క్రైస్ట్, రెండో భాగం | థామస్ ఎ కెంపిస్, 15వ శతాబ్దం | 12 చిన్న అధ్యాయాలు | రోజుకు ఒకటి | ఏకాంతం దొరికేవారికి |

## పని ఆగదు, ప్రార్థనకు టైమ్ లేదు అనేవారికి: లారెన్స్, టోజర్

ఎక్కువమంది ఆగి ఆలోచించేది ఈ రెండింటి మధ్యే. రెండూ దేవుని సన్నిధి గురించే. రెండూ చిన్నవే. కానీ చేసే పని వేరు.

బ్రదర్ లారెన్స్ అసలు పేరు నికొలా హెర్మన్. లొరేన్ ప్రాంతం వాడు. సైనికుడిగా పనిచేసి గాయపడ్డాడు. పద్దెనిమిదేళ్ళ వయసులో చలికాలంలో ఆకులు రాలిన ఒక చెట్టును చూసి, ఇంకొన్నాళ్ళకు ఇది మళ్ళీ చిగురిస్తుంది, పూస్తుంది, కాస్తుంది కదా అనుకున్నాడట. దేవుని శక్తి, సంరక్షణ అతని మనసులో పాతుకుపోయింది అప్పుడే. తర్వాత పారిస్‌లో కార్మెలైట్ అనే కాథలిక్ సన్యాసుల మఠంలో చేరాడు. పాదిరీగా కాదు, పనివాడైన సహోదరుడిగా. వాళ్ళు అతన్ని వంటశాలలో పెట్టారు. అతనికి స్వభావరీత్యా నచ్చని పని అదే. అక్కడే ఏళ్ళ తరబడి ఉన్నాడు.

ఈ పుస్తకంలో నేను మర్చిపోలేని చోటు ఒకటుంది. మఠం కోసం ద్రాక్షారసం కొనడానికి అతన్ని బర్గండీకి పంపుతారు. వ్యాపారం తెలియనివాడు. పైగా ఒక కాలు సరిగా పనిచేయదు. పడవలో ఇటు నుంచి అటు వెళ్ళాలంటే పీపాల మీద దొర్లుకుంటూ పోవాల్సిందే. అయినా, ఇది నీ పనే ప్రభువా అని దేవునికే చెప్పి ఆ పనికి వెళ్ళాడు, తర్వాత చూస్తే పని చక్కగానే జరిగిపోయింది అని చెబుతాడు. పీపాల మీద దొర్లుతున్న ఆ కుంటి సహోదరుడు నా కళ్ళముందు ఉన్నంతకాలం, "పరిస్థితులు కుదుటపడ్డాక ప్రార్థన చేసుకుంటాను" అనే మాట నా నోటికి తేలిగ్గా రాదు.

ఈ పుస్తకంతో ఇబ్బంది కూడా చెప్పాలి. లారెన్స్ దీన్ని పుస్తకంగా రాయలేదు. జోసెఫ్ ద బోఫోర్ అనే పాదిరీ తాను లారెన్స్‌తో జరిపిన సంభాషణలను, లారెన్స్ ఉత్తరాలను అతని మరణం తర్వాత కూర్చి ప్రచురించాడు. అందువల్ల చెప్పిందే మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఒకే రోజు మొత్తం చదివితే విసుగొస్తుంది. "ఎలా" అనే ప్రశ్నకు మెట్టు మెట్టుగా జవాబు కావాలనుకునేవారికీ నిరాశే. అతని పద్ధతి అంతా ఒక్కటే: ఎక్కడున్నా దేవునితో మాట్లాడుతూ ఉండు, మరిచిపోతే బాధపడుతూ కూర్చోక మళ్ళీ మొదలుపెట్టు.

టోజర్ తీరు వేరు. చికాగోలో చాలా ఏళ్ళు కాపరిగా పనిచేసిన మనిషి, కాలేజీ చదువు లేకుండా సొంతంగా చదువుకుని ఎదిగినవాడు. లారెన్స్ పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడితే, టోజర్ బల్లమీద కొట్టి లేపుతాడు. దేవుణ్ణి గురించిన సిద్ధాంతం తెలుసుకుని అక్కడితో తృప్తిపడిపోయారు, ఆయన కోసం దాహం ఏమైంది అని అడుగుతాడు. రెండో అధ్యాయంలో అబ్రాహాము ఇస్సాకును అర్పించడానికి వెళ్ళే రాత్రిని తీసుకుని, మనం గుప్పిట్లో గట్టిగా పట్టుకున్నవాటి గురించి మాట్లాడతాడు. పిల్లలున్నవాళ్ళు ఆ అధ్యాయాన్ని తొందరగా దాటలేరు. మరోచోట అరణ్యంలోని ఇత్తడి సర్పాన్ని చూపించి, విశ్వాసం అంటే ఆత్మ దేవునివైపు చూడడమే అని ఎంత తేటగా చెబుతాడో!

ప్రతి అధ్యాయం చివర ఒక ప్రార్థన ఉండడం ఈ పుస్తకానికున్న పెద్ద సుగుణం. చదివింది అక్కడే ప్రార్థనగా మారుతుంది. లోటు ఏమిటంటే కొన్ని పేజీల్లో ఆనాటి సంఘాల మీద విమర్శ గట్టిగా ఉంటుంది. అది చదువుతుంటే మన వేలు మనకు తెలియకుండానే పక్కవాళ్ళ వైపు తిరుగుతుంది.

నా తీర్పు ఇది. ఒళ్ళు అలసిపోయినవారికి లారెన్స్, మనసు చల్లారిపోయినవారికి టోజర్. రెండూ ఉన్నాయంటారా? అయితే లారెన్స్‌తోనే మొదలుపెట్టండి. అలసిన మనిషిని కేకేసి లేపితే చిరాకే వస్తుంది.

## కథలా సాగాలి అనేవారికి: సుందర్ సింగ్, లూయిస్

సాధు సుందర్ సింగ్ 1889లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టాడు, 1905లో బాప్తిస్మం తీసుకున్నాడు, 1929లో టిబెట్ వైపు వెళ్ళి మళ్ళీ కనిపించలేదు. ఎట్ ద మాస్టర్స్ ఫీట్‌ను ఉర్దూలో రాశాడు. శిష్యుడు అడుగుతాడు, గురువైన ప్రభువు జవాబిస్తాడు. మన చెవికి ఇది కొత్తగా అనిపించదు. దేవుని సన్నిధి, పాపం-రక్షణ, ప్రార్థన, సేవ, సిలువ-శ్రమ, పరలోకం-నరకం అని ఆరు భాగాలు.

అందులో ఒక ఉపమానం చెబుతాను. ఒక తల్లి తోటలో దట్టమైన పొదల మధ్య దాక్కుంటుంది. పిల్లవాడు ఏడుస్తూ తోటంతా వెతుకుతాడు. పనివాడు వచ్చి, ఏడవకు బాబూ, ఈ పళ్ళు చూడు, ఈ పూలు చూడు, కోసిస్తాను అంటాడు. నాకేం వద్దు, మా అమ్మ కావాలి అని పిల్లవాడు ఇంకా గట్టిగా ఏడుస్తాడు. ఆ ఏడుపు విని తల్లి పరుగున వచ్చి ఎత్తుకుంటుంది. దేవుడు కొన్నిసార్లు ఎందుకు దాగినట్టుంటాడు అని అడిగేవాళ్ళకు నేను ఇంతకంటే బాగా చెప్పలేను. పిల్లలకు చెప్పినా అర్థమవుతుంది. విశ్వాసంలో కొత్తగా అడుగుపెట్టినవారికి, పుస్తకాలు చదివే అలవాటు లేనివారికి ఈ జాబితాలో నేను ముందు ఇచ్చేది ఇదే. దర్శనాల ప్రస్తావన వచ్చే చోట్ల కొందరికి సందేహం కలగవచ్చు. ఆ భాగాలను లేఖనంతో పోల్చుకుంటూ చదవమనే నేనూ చెబుతాను.

లూయిస్ రాసిన ద స్క్రూటేప్ లెటర్స్ పూర్తిగా తలకిందుల వ్యవహారం. స్క్రూటేప్ అనే పెద్ద దయ్యం, శోధించే పనిలో కొత్తగా చేరిన మేనల్లుడికి ఉత్తరాలు రాస్తుంది. అందులో "శత్రువు" అంటే దేవుడు. మొదటి ఉత్తరంలోనే ఒక ఘట్టం ఉంది. దేవుణ్ణి నమ్మని ఒకడు బ్రిటిష్ మ్యూజియంలో చదువుకుంటుండగా ఆలోచన మెల్లగా దేవునివైపు మళ్ళుతుంది. దయ్యం అతనితో వాదించదు. భోజనం వేళయింది కదా అని మాత్రం గుర్తుచేస్తుంది. ఇంత పెద్ద విషయాన్ని ఖాళీ కడుపుతో ఎందుకు, తిని వచ్చి ఆలోచించవచ్చులే అని అతను వీధిలోకి వస్తాడు. పేపర్లమ్మే కుర్రాడి కేకలు, ఎదురుగా పోతున్న 73వ నంబరు బస్సు. అంతే, "నిజమైన జీవితం" ఇదే అనిపిస్తుంది, ఆ ఆలోచన చెదిరిపోతుంది. ఇప్పుడు ఆ బస్సు స్థానంలో మన చేతిలోని ఫోన్‌ను పెట్టుకుని చదవండి.

31 ఉత్తరాలు కాబట్టి నెలకు సరిగ్గా సరిపోతుంది. రోజుకు ఒకటి మించి మాత్రం వద్దు. ఇంత తేలిగ్గా ఇంకేదీ రాయలేదు గానీ ఇంత తక్కువ ఆనందంతోనూ ఇంకేదీ రాయలేదని లూయిసే తర్వాత ఒప్పుకున్నాడు. ఆ దయ్యపు బుర్రలోకి దూరి ఆలోచించడం అతన్నే అలసిపోయేలా చేసింది. చదివేవాళ్ళకూ అదే జరుగుతుంది. ప్రతి చిన్నదానికీ "ఇది పాపమేమో" అని టెన్షన్ పడే సున్నితమైన మనసులకు ఈ పుస్తకం ఇవ్వకండి. వాళ్ళకు సుందర్ సింగ్ మేలు. వాదించడం ఇష్టమున్న కాలేజీ పిల్లలు నలుగురు కలిస్తే మాత్రం దీన్ని మించింది లేదు. ఒక్కో ఉత్తరం చదివి "ఈ ట్రిక్ నా మీద ఎప్పుడు పనిచేసింది?" అని ఒకరినొకరు అడిగితే చాలు, గంట గడిచిపోతుంది.

## దుఃఖంలో ఉన్నవారికి

ఇక్కడ నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. భర్త పోయిన నెలలోపే ఒక స్నేహితురాలికి ఎ గ్రీఫ్ అబ్జర్వ్డ్ ఇచ్చాను. లూయిస్ భార్య జాయ్ 1960లో చనిపోయింది. ఆ రోజుల్లో అతను నోటు పుస్తకాల్లో రాసుకున్నదే ఇది. మొదట తన పేరు కూడా పెట్టకుండా ఎన్. డబ్ల్యు. క్లర్క్ అనే పేరుతో 1961లో ప్రచురించాడు. ఎంత పెద్ద విశ్వాసి అయినా దుఃఖంలో ఎలా తడబడతాడో దాచకుండా చూపిస్తుంది కాబట్టి ఆమెకు ఊరటగా ఉంటుందనుకున్నాను.

మొదటి భాగంలోనే, ఆపదలో దేవుని తలుపు తడితే మొహం మీదే మూసి లోపల గడియ వేసిన చప్పుడు వినిపించిందంటాడు. ఆమె అక్కడే ఆపేసింది. "నాకూ అలాగే ఉంది, కానీ దాన్ని అచ్చులో చూసి తట్టుకోలేను" అంది. ఏడాది తర్వాత తనే అడిగి తీసుకుని పూర్తిగా చదివింది. చివరి భాగం నెమ్మదిస్తుందని, ప్రశ్నలకు జవాబులు దొరక్కపోయినా మూసిన తలుపు అన్న భావన పోతుందని తనే నాకు చెప్పింది.

కాబట్టి ఈ పుస్తకం విషయంలో అన్నిటికంటే ముందు కాలం చూడాలి. మొదటి నెలల్లో వద్దు. అప్పుడు ఇవ్వదగినవి బైబిలులోని యాత్రకీర్తనలు, లేకపోతే లారెన్స్ చివరి ఉత్తరాలు. దుఃఖం పాతబడి, కోపం మాత్రం లోపల మిగిలిపోయిందా? అప్పుడు లూయిస్. అలా కోపం వచ్చినందుకు సిగ్గుపడుతున్నవారికైతే మరీ అవసరం. మీరే కొని ఇస్తుంటే ముందు మీరు చదివి ఇవ్వండి. చిన్నదే, రెండు సాయంత్రాల పని.

## సంఘంలో, సేవలో ఉన్నవారికి: బోన్‌హోఫర్, నౌవెన్

నాజీల కాలంలో జర్మనీలో ఫింకెన్‌వాల్డె అనే చోట బోన్‌హోఫర్ అనే కాపరి ఒక సెమినరీ నడిపాడు. కాపరులు కాబోయే యువకులు అక్కడ కలిసి ఉండి, కలిసి కీర్తనలు చదివి, ప్రార్థించి, కలిసి పనిచేసేవారు. 1937లో నాజీల రహస్య పోలీసు విభాగమైన గెస్టపో దాన్ని మూయించింది. మరుసటి ఏడాది కొన్ని వారాల్లోనే ఆ అనుభవాన్ని లైఫ్ టుగెదర్‌గా రాశాడు. 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బుర్గ్ శిబిరంలో అతన్ని ఉరితీశారు.

సంఘంలో ఎవరితోనో మనస్పర్థలు వచ్చి విసిగిపోయినవారు మొదటి అధ్యాయం చదివి తీరాలి. సంఘం ఎలా ఉండాలో అని మనం కనే కలను, కళ్ళముందున్న సంఘం కంటే ఎక్కువగా ప్రేమిస్తే మనమే ఆ సంఘాన్ని పాడుచేస్తాం అంటాడు. ఉద్దేశం ఎంత మంచిదైనా సరే. సేవ గురించి రాసిన అధ్యాయంలో నాలుకను అదుపులో పెట్టుకోవడం మొదట, ఎదుటివాడి మాట వినడం ఆ తర్వాత, సాయపడడం, భరించడం ఆపైన వస్తాయి. వాక్యం చెప్పడం వీటన్నిటి తర్వాతే. సేవ అంటే మాట్లాడడమే అనుకునేవారు ఆ వరుసను ఒకసారి జాగ్రత్తగా చూడాలి.

ఒంటరిగా చదివితే ఈ పుస్తకం సగమే అందుతుంది. అధ్యాయాలు పెద్దవి, ఆగే చోట్లు తక్కువ. కలిసి చేసే ఉదయ ప్రార్థన, పాటలు పాడే తీరు గురించిన కొన్ని సూచనలు ఆ సెమినరీ జీవితానికే సరిపోతాయి. అక్కడ నిలిచిపోక ముందుకు సాగండి. ఐదు వారాలు, ఐదు అధ్యాయాలు, ఐదారుగురు మనుషులు. దీనికి సరైన లెక్క అదే.

నౌవెన్ పుస్తకం ఒక్క మధ్యాహ్నంలో అయిపోతుంది. హార్వర్డ్‌లో పాఠాలు చెప్పే ఈ కాథలిక్ పాదిరీ అది వదిలేసి, మేధోవైకల్యం ఉన్నవారు కలిసి జీవించే ఒక సమాజానికి వెళ్ళి వాళ్ళతో ఉన్నాడు. అక్కడ అతని పుస్తకాలు ఎవరూ చదవలేదు. అతని పేరు ప్రఖ్యాతులతో ఎవరికీ పనిలేదు. క్రైస్తవ నాయకత్వం మీద ప్రసంగించడానికి పిలిస్తే ఆ సమాజంలోని బిల్ అనే మనిషిని వెంటబెట్టుకుని వెళ్ళాడు. అరణ్యంలో యేసుకు వచ్చిన మూడు శోధనలను సేవకులకు ఎదురయ్యే మూడు ఆశలుగా చూపిస్తాడు: అందరికీ అక్కరకు వస్తున్నాననిపించుకోవాలని, అబ్బో అనిపించుకోవాలని, అధికారం చేతిలో ఉండాలని. వీటికి ఎదురుగా పెట్టేది పేతురును ప్రభువు అడిగిన ప్రశ్న, "నీవు నన్ను ప్రేమించుచున్నావా?"

వేసవిలో పిల్లల కూటాలు, యువజన శిబిరాలు అంటూ పరుగెత్తి పరుగెత్తి గొంతు పోయిన సేవకులకు ఇదే ఇవ్వండి. పెద్ద పుస్తకం చదివే ఓపిక వాళ్ళకు ఉండదు.

## గట్టిగా తగలాలి అనేవారికి: ముర్రే, కెంపిస్

ముర్రే దక్షిణాఫ్రికాలో కాపరి. హ్యుమిలిటీలో పన్నెండు అధ్యాయాలూ తగ్గింపు గురించే. యేసు జీవితంలో తగ్గింపు, బోధలో తగ్గింపు, శిష్యుల్లో అది కనపడకపోవడం, రోజువారీ బతుకులో దాని పరీక్ష. కథలుండవు, ఉదాహరణలు తక్కువ. అయినా ఒకే మేకును ఒకే చోట పన్నెండుసార్లు కొడతాడు, అందుకే దిగుతుంది. "యేసు జీవితంలో తగ్గింపు" అధ్యాయం ఒక్కటి చదివి చూడండి. నచ్చితే మొత్తం చదువుతారు, లేకపోతే ఇంకో ఏడాదికి దాచుకోవచ్చు. తమను తాము ఎప్పుడూ చిన్నబుచ్చుకునే అలవాటున్నవారు మాత్రం ఇప్పటికి పక్కన పెట్టడమే మంచిది. వాళ్ళకు కావాల్సింది వేరే మందు.

కెంపిస్ పుస్తకం నాలుగు భాగాలు, మొత్తం 114 అధ్యాయాలు. అది చూసే చాలామంది జడుసుకుంటారు. వేసవికి రెండో భాగం చాలు, పన్నెండు అధ్యాయాలు, ఒక్కోటి రెండు మూడు పేజీలు. యేసు పరలోక రాజ్యాన్ని ప్రేమించేవారు చాలామంది, ఆయన సిలువను మోసేవారు కొద్దిమంది అనే ప్రసిద్ధమైన మాట ఈ భాగంలోదే. నాలుగో భాగం ప్రభు భోజనం గురించి, కాథలిక్ ఆచారాన్ని బట్టి రాసింది. ఇది మఠంలో ఉన్నవాళ్ళ కోసం రాసిన పుస్తకమని మాత్రం గుర్తుంచుకోవాలి. మనుషులకు దూరంగా ఉండు, తక్కువ మాట్లాడు అనే సలహాలు చంటిపిల్లల తల్లికి భారమే అవుతాయి.

రష్యా నుంచి వచ్చిన ద వే ఆఫ్ ఎ పిల్‌గ్రిమ్ గురించి ఒక మాట. "యెడతెగక ప్రార్థనచేయుడి" అన్న వాక్యం ఎలా సాధ్యమని వెతుక్కుంటూ ఒక పేద యాత్రికుడు చేసిన ప్రయాణం అది. యేసు నామంతో ఒక చిన్న ప్రార్థనను గురువు అతని చేత రోజుకు మూడు వేలసార్లు, తర్వాత ఆరు వేలు, తర్వాత పన్నెండు వేలసార్లు చెప్పిస్తాడు. కథగా మనసును కట్టేస్తుంది. ఒకే ప్రార్థనను అన్నిసార్లు చెప్పడం మీకు ఇబ్బందిగా తోస్తే లారెన్స్‌నే చదవండి. ఇద్దరూ వెతికింది ఒకదాన్నే.

## బైబిలు ఉండగా వేరే పుస్తకమెందుకు అంటే

న్యాయమైన ప్రశ్నే. అలా అనుకునేవారికి 120 నుంచి 134 వరకు ఉన్న పదిహేను యాత్రకీర్తనలు చెబుతాను. ప్రయాణాల కాలానికి ప్రయాణికుల పాటలు. అన్నీ చిన్నవే, ఒక్క 132 మాత్రం పద్దెనిమిది వచనాలు. "కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను" అని పొద్దున బయల్దేరవచ్చు. అగాధస్థలాల్లో నుంచి మొఱ్ఱపెట్టే 130, ఆ వెంటనే తల్లి దగ్గర నిమ్మళించిన పిల్లలాంటి 131. ఆ రెండూ పక్కపక్కన ఉండడాన్ని గమనిస్తేనే ఒక వారం ధ్యానానికి సరిపోతుంది. రోజుకు ఒకటి చదివి, చేత్తో నోటు పుస్తకంలో రాసుకోండి. నోట్సు కాదు, ఆ కీర్తననే. చేయి నెమ్మదిగా కదులుతుంది కాబట్టి కన్ను దాటేసిన మాట చేతికి చిక్కుతుంది.

## అనువాదం, కొనేముందు ఒక పేజీ

లారెన్స్, కెంపిస్, ముర్రేల పాత ఇంగ్లీషు ప్రతులు నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. కానీ వంద, నూటయాభై ఏళ్ళ కిందటి ఇంగ్లీషులో ఉన్న అనువాదం చదువుతూ "ఈ పుస్తకం నాకు ఎక్కడం లేదు" అనుకుంటే అది లారెన్స్ తప్పు కాదు. ఏ భాషలో చదివినా మధ్యలోని ఒక పేజీ తెరిచి గట్టిగా చదివి చూడండి. నోరు తిరగకపోతే ఆ ప్రతి వద్దు, వేరేది వెతకండి. మొదటి పేజీ చూసి కొనకండి, దాని మీద అనువాదకులు ఎక్కువ శ్రద్ధ పెడతారు.

ఫోన్‌లోనా, కాగితం మీదా అంటే, ఈ ఒక్కదానికి కాగితమే నా ఓటు. లూయిస్ బస్సు కథ చెప్పానుగా.

చూపు తగ్గిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే గట్టిగా చదివి వినిపించడానికి లారెన్స్ ఉత్తరాలు అన్నిటికంటే అనువుగా ఉంటాయి. ఒక్కోటి ఐదు నిమిషాలు. మంచం పట్టిన మా అత్తయ్యకు ఒక వేసవి అంతా అవే చదివాను. బాధతో ఉన్న ఒకామెకు రాస్తూ లారెన్స్, నీ నొప్పి పోవాలని నేను ప్రార్థించడం లేదు, దాన్ని ఓర్చుకునే బలం నీకివ్వమని అడుగుతున్నాను అంటాడు. ఆ మాట నాకు కఠినంగా అనిపించి గొంతు తగ్గించాను. ఆవిడ కళ్ళు తెరిచి, "అది మళ్ళీ చదువు" అంది. చదివాను. ఆ రోజు అక్కడితో పుస్తకం మూసేయమంది. చివరి ఉత్తరం చేరడానికి మాకు చాలా రోజులు పట్టింది. ఇంకొన్ని రోజుల్లో దేవుణ్ణి చూస్తానని అందులో రాసి, లారెన్స్ ఆ వారమే వెళ్ళిపోయాడు. అది చదివినప్పుడు అత్తయ్య ఏమీ అనలేదు. నా చేతిలోంచి పుస్తకం తీసుకుని తన దిండు కింద పెట్టుకుంది.